పైకెత్తలేని చేతులు

"ఆవిడ చెయ్యి ఎంతవరకు లేస్తుంది డాక్టర్?"

సర్జన్ రాస్తున్న పెన్ను ఆపి తలెత్తింది. ఇరవై నిమిషాలుగా ఎదుట కూర్చున్న మనిషి అడిగినవన్నీ వేళల గురించే. ఎన్నింటికి అడ్మిట్ అయింది, ఎన్నింటికి మత్తిచ్చారు, ఎన్నింటికి కళ్ళు తెరిచింది, ఎన్నింటికి ఇల్లు చేరింది. పోలీసు శాఖలో ఇరవై ఆరేళ్ళు పనిచేసిన ఆమెకు కింది ఉద్యోగులు గడియారం మేడమ్ అని పేరు పెట్టింది ఇందుకే. ఉద్యోగానికి రాజీనామా చేసి సొంతంగా డిటెక్టివ్ పని మొదలుపెట్టి నాలుగేళ్ళయినా ఆ పేరు ఆమెను వదల్లేదు.

"భుజం ఎత్తు వరకు," అంది సర్జన్. "అంతకు మించి లేపకూడదు. మూడో రోజుకి లేపాలన్నా లేవదు, ప్రాణం పోయినంత పనవుతుంది. ఇది మీకెందుకు?"

"చెప్తాను. ముందు ఆ ఆపరేషన్ ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పండి. స్కూలు పిల్లకి చెప్పినట్టు చెప్పినా ఏమీ అనుకోను."

చనిపోయిన మనిషి దర్జీ. నలభై ఆరేళ్ళు. ఆడవాళ్ళ బట్టలు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి కాబట్టి అందరూ మాస్టరమ్మ అనేవారు. పన్నెండేళ్ళ కిందట రొమ్ముల్లో పెట్టించుకున్న ఇంప్లాంట్లను పోయిన సోమవారం ఈ ఆసుపత్రిలో తీయించుకుంది. మంగళవారం ఇంటికి వెళ్ళింది. శుక్రవారం ఉదయం మంచం మీద చనిపోయి కనిపించింది. పక్కన ఖాళీ నిద్రమాత్రల అట్ట ఉంది. ఆత్మహత్య అన్నారు పోలీసులు. ఆమె అక్క ఒప్పుకోలేదు.

సర్జన్ ఒక కాగితం తీసి రెండు గుండ్రాలు గీసింది.

"లోపల పెట్టేది సిలికాన్ నింపిన సంచి. ఒంటికి అది పరాయి వస్తువే. అందుకని దాని చుట్టూ ఒళ్ళు తనంతట తనే ఒక పొర అల్లుకుంటుంది. చాలామందికి ఆ పొర మెత్తగా ఉండిపోతుంది. కొందరికి గట్టిపడి, సంచిని పిడికిట్లో పట్టుకున్నట్టు బిగిస్తుంది. ఈవిడకి కుడివైపు జరిగింది అదే. ఎడమవైపు సంచి లోపలే చిట్లింది. బయటికి ఏమీ కనబడదు, స్కాన్లో తెలిసింది. రొమ్ము కింద పాత మచ్చ దగ్గరే కోసి, సంచినీ పొరనీ కలిపి తీశాను. రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది."

"అలసట, కీళ్ళనొప్పులు, జుట్టు రాలడం అని కూడా రాశారు ఫైల్లో."

"అవి సంచి వల్లే వచ్చాయని తేల్చే పరీక్ష ఏదీ లేదండీ. కాదని కొట్టిపారేయడానికీ లేదు. తీసేశాక తేలికపడ్డామని చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. తగ్గుతుందని మాత్రం నేను మాటివ్వలేదు." సర్జన్ కాగితాన్ని పక్కకి జరిపింది. "ఆవిడ నవ్వింది. 'తగ్గకపోయినా ఫర్వాలేదు డాక్టరుగారూ, నా కొలతలు నాకు తిరిగిచ్చెయ్యండి చాలు' అంది. చచ్చిపోదామనుకునే మనిషి అలా మాట్లాడుతుందా?"

"ఈ మాట ఇన్‌స్పెక్టర్‌కి చెప్పారా?"

"ఆయన ఫోన్లో ఒక్కటే అడిగాడు. ఆపరేషన్ తర్వాత కొందరికి దిగులు పట్టుకుంటుందా అని. పట్టుకోవచ్చన్నాను. థాంక్స్ అని పెట్టేశాడు."

గడియారం మేడమ్ నోట్‌బుక్‌లో గీత గీసింది. "ఒంట్లోంచి బయటికి గొట్టాలు పెట్టారు కదా?"

"చెరొకవైపు ఒకటి. లోపల ఊరే నీరు, రక్తం చిన్న బుడ్డీల్లోకి వస్తాయి. రోజుకి మూడుసార్లు కొలిచి రాసుకోమన్నాం. రోజు మొత్తానికి ముప్ఫై మిల్లీలీటర్ల లోపుకి వస్తేనే తీస్తాం. శనివారం రమ్మన్నాను."

"శవం ఒంటిమీద గొట్టాలు లేవు."

సర్జన్ పెన్ను కిందపెట్టింది. "లేకపోవడమేమిటి?"

"పోస్ట్‌మార్టమ్ రిపోర్టు చదివాను. కుట్లు శుభ్రంగా కత్తిరించి, గొట్టాలు తీసి, కట్టు కట్టారు. గురువారం మధ్యాహ్నం ఎదురింటాయన మెట్ల మీద ఒక నర్సుని చూశాడు. రెండూ నలభై అయిదుకి పైకెళ్ళింది, మూడూ ఇరవై అయిదుకి దిగింది."

"మేమెవరినీ ఇంటికి పంపం. ఎప్పుడూ పంపం. గొట్టాలు తీసేది ఈ గదిలోనే." ఆమె సొరుగు లాగి ఒక కాగితం బయటికి తీసింది. "ఇంకో సంగతుంది. ప్రతి సంచి వెనకాలా ఒక నంబరు చెక్కి ఉంటుంది. పెట్టినప్పుడు పేషెంటుకిచ్చే కార్డు మీద అదే నంబరుండాలి. ఈవిడ కార్డు మీద ఒక నంబరుంది, నేను తీసిన వాటిమీద ఇంకోటుంది. తయారుచేసిన కంపెనీకి రాస్తే శుక్రవారం సాయంత్రం జవాబొచ్చింది. లోపం ఉందని, ఆవిడకి పెట్టడానికి రెండేళ్ళ ముందే వెనక్కి తెప్పించిన సరుకట అది."

"వెనక్కి వెళ్ళాల్సిన సంచుల్ని పాత డాక్టరు ఈవిడ ఒంట్లో పెట్టాడన్నమాట."

"ఈవిడ ఒక్కదానికే అనుకోకండి. నంబరు తేడా మంగళవారమే చెప్పాను. వెంటనే 'నాకు తెలిసినవాళ్ళు ఇంకో పదిమందున్నారు' అంది. ఎలా తెలుసంటే, 'దర్జీకి తెలీకుండా ఏ ఆడదాని కొలతా మారదు డాక్టరుగారూ' అంది. తీసిన రెండింటినీ అడిగి డబ్బాలో పెట్టించుకుని ఇంటికి పట్టుకెళ్ళింది. బుధవారం ఆ పాత డాక్టరుకి ఫోన్ చేసి మొహమ్మీదే అడుగుతానంది."

బుధవారం ఫోన్. గురువారం నర్సు. శుక్రవారం శవం. నోట్‌బుక్ మూసి లేచింది గడియారం మేడమ్. గుమ్మం దగ్గర ఏదో గుర్తొచ్చి ఆగింది.

"డిశ్చార్జ్ రోజు తోడెవరొచ్చారు?"

"ఫారంలో 'అక్క వస్తుంది' అని రాసింది. మధ్యాహ్నం దాకా చూశాం. చివరికి మా ఆయా టాక్సీ ఎక్కించింది."

*

ఆ అక్కే తలుపు తీసింది. మాస్టరమ్మకంటే ఆరేళ్ళు పెద్ద. శుక్రవారం నుంచి నిద్రలేని కళ్ళు.

"ఒంటిగంటా పదికి వస్తానన్నారు. రెండవుతోంది."

"ఎదురింటాయనతో మళ్ళీ మాట్లాడాల్సొచ్చిందమ్మా. తొందరపడి ఏమీ ముట్టుకోలేదు కదా?"

"లేదు మేడమ్. ముట్టుకోవడానికి నాకు చేతులు రావడం లేదు."

ముందు గదే దుకాణం. గోడవారగా మిషను, నడుమ కత్తిరింపు బల్ల. వెనక ఒక పడగ్గది, చిన్న వంటగది. గడియారం మేడమ్ వంటగదితో మొదలుపెట్టింది. పై అరలన్నీ ఖాళీగా ఉన్నాయి. డబ్బాలు, నూనె సీసా, ఒకే ఒక పళ్ళెం, ఒకే గ్లాసు నడుమెత్తున్న గట్టు మీద వరసగా ఉన్నాయి. డబ్బాల మూతలన్నీ వదులు చేసి ఉన్నాయి. నీళ్ళ బిందెకి బదులు అయిదారు చిన్న చెంబులు నింపి పెట్టుకుంది. బరువెత్తకూడదు కదా. స్నానాలగదిలో తువ్వాలు కొక్కేనికి కాక కుళాయికి వేలాడుతోంది. పడగ్గదిలో మంచానికి పొడవాటి గుడ్డపట్టీ కట్టి ఉంది, దాన్ని పట్టుకుని లేవడానికి.

ఆసుపత్రికి వెళ్ళేముందు ఒంటరి మనిషి ఇల్లంతా తన చేతులకి అందేలా కిందికి దించుకుంది. సాయం పట్టేవాళ్ళు ఎవరూ రారని ఎంత ఖాయంగా తెలిసుంటే ఇంత జాగ్రత్తపడుతుంది! గడియారం మేడమ్‌కి తన ఇల్లు గుర్తొచ్చింది. కాఫీ పొడి డబ్బా పైఅరలో ఉంటుంది. రేపు తను మంచాన పడితే దాన్ని దించేదెవరు? ఫోన్లో ఉన్న నంబర్లలో సగం స్టేషన్లవి, మిగతావి క్లయింట్లవి. ఆ ఆలోచనని అక్కడే తుంచేసి సోదాలో పడింది.

మంచం పక్క గోడకి కాగితం అతికించి ఉంది. బుడ్డీల్లో నీరు ఎంతొచ్చిందో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది. పొద్దున్న ఎనిమిది, మధ్యాహ్నం రెండు, రాత్రి ఎనిమిది. చివరి వరస గురువారం మధ్యాహ్నం రెండింటిది. కుడి ఇరవై, ఎడమ ఇరవై అయిదు. రాత్రి గడి ఖాళీ.

"రెండింటికి బతికుంది," అంది గడియారం మేడమ్. "ఎనిమిదికి లేదు. పొద్దుటిదీ మధ్యాహ్నానిదీ కలిపితేనే తొంభై దాటింది. ఏ డాక్టరూ గొట్టాలు తియ్యమని చెప్పడు."

కుర్చీ మీద ముందు గుండీలున్న చొక్కాలు మడతపెట్టి ఉన్నాయి. పాత దుప్పటి బట్టతో కుట్టినవి. చేతులు వెడల్పుగా, లోపల బుడ్డీలు పెట్టుకోవడానికి జేబులతో. మూడు. స్నానాలగదిలో ఉతికి ఆరేసింది ఇంకోటి. మిషను పక్కన చిత్తు కాగితం మీద లెక్క: 'చొక్కాలు అయిదు.'

"అయిదోది ఎక్కడుందమ్మా?"

ఇద్దరూ వెతికారు. బీరువాలో లేదు, మాసిన బట్టల్లో లేదు.

"కబురందుకుని మీరు శుక్రవారం పొద్దున్న వచ్చేసరికి ఒంటిమీద ఏముంది?"

"నైటీ. నీలం రంగుది. తలమీంచి తొడుక్కునేది."

"గుండీలు?"

"లేవు. ఒక్కటీ లేదు."

గడియారం మేడమ్ బీరువాలోంచి అలాంటిదే ఇంకో నైటీ తీసింది. మోచేతులు పక్కటెముకలకి ఆనించి, భుజం దాటి ఎత్తకుండా తొడుక్కోబోయింది. బట్ట ముఖం దగ్గరే ముడుచుకుపోయింది. రెండోసారి మెడదాకా వచ్చి ఆగింది. మూడోసారి ఊపిరాడక లాగిపారేసింది. అక్క గోడకి ఆనుకుని చూస్తోంది.

"తనంతట తను వేసుకోలేదమ్మా. ఎవరో తొడిగారు. ఒంటిమీదున్న చొక్కా పాడైపోయి ఉంటుంది, రక్తంతోనో, పెనుగులాటలోనో. దాన్ని గొట్టాలతో సహా పట్టుకుపోయారు. ఇంప్లాంట్ల డబ్బా కూడా లేదు."

అక్క మంచం అంచున కూలబడింది.

"నాకు ఫోన్ చేసింది మేడమ్. గురువారం. రెండూ నలభైకి."

"మీరేమన్నారు?"

"ఎత్తలేదు." ఆమె తన అరచేతుల వంకే చూసుకుంటోంది. "ఫోన్ చేతిలోనే ఉంది. దాని పేరు చూసి బోర్లించి పెట్టేశాను. నాలుగేళ్ళయింది మాట్లాడుకుని. అప్పుడెప్పుడో నేను నోరుజారాను, ఈ వయసులో నీకీ సోకులేమిటే అని. అది మనసులో పెట్టుకుంది. ఆపరేషన్ సంగతి నాకు ముక్క కూడా చెప్పలేదు మేడమ్. చెప్పుంటే రానా? రెక్కలు కట్టుకుని రానా?"

ఆసుపత్రి ఫారంలో ఏం రాసిందో చెప్పాలా వద్దా అని గడియారం మేడమ్ ఒక్క క్షణం తటపటాయించింది. చెప్పలేదు.

ముందు గదిలోకి వచ్చింది. బల్ల మీద ఆకుపచ్చ బట్ట పరిచి, సుద్దతో గీతలు గీసి ఉంది. బట్ట అంచున సుద్దతోనే రాసుకున్న మాటలు: 'నాకు. వాపు తగ్గాక చంకల దగ్గర లోపలికి పట్టుకోవాలి.' మాత్రలు మింగి చావదల్చుకున్న మనిషి తన కోసం కొత్త బట్ట గీసుకుని, కుట్టు కోసం అంచు వదులుకుంటుందా?

టేపుంది, కత్తెరలున్నాయి, సుద్దముక్కలున్నాయి. ఉండాల్సింది ఒకటి లేదు.

"కొలతల పుస్తకం ఏదమ్మా?"

"పొడుగ్గా, ఎర్ర అట్టతో ఉంటుంది. పదిహేనేళ్ళ కొలతలూ అందులోనే. శుక్రవారం ఇక్కడే ఉంది, నేను చూశాను."

"ఖాయమేనా?"

"ఇన్‌స్పెక్టర్ గారు నిలబడి పేజీలు తిప్పుతున్నారు కూడాను."

గడియారం మేడమ్ సంచిలోంచి పోలీసులు స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా నకలు తీసింది. మాత్రల అట్ట, గ్లాసు, ఫోన్, దుప్పటి. పుస్తకం ఊసే లేదు.

*

ఇన్‌స్పెక్టర్ మూడూ పదికి వచ్చాడు. ఇంటి తాళం విప్పిన వార్త స్టేషన్‌కి చేరినట్టుంది. నలభై ఏళ్ళుంటాయి. ఎస్సైగా గడియారం మేడమ్ కింద మూడేళ్ళు పనిచేశాడు. పని నేర్పింది ఆమే. చివరి ఏడాది ఆమెమీద పైకి రిపోర్టు రాసింది అతనే.

"నమస్కారం మేడమ్. ఇంట్లో పొద్దు పోవడం లేదా?"

"పోతోంది. నువ్వు మూసేసిన ఫైళ్ళు తెరిచేసరికే సాయంత్రమవుతోంది."

"ఇందులో తెరవడానికేముంది? ఒంటరి ఆడది. ఆపరేషనైంది. అద్దంలో చూసుకుంది, తట్టుకోలేకపోయింది. రేపు కోర్టుకి రిపోర్టు పెడుతున్నా."

"అద్దం ఎక్కడుందో చూశావా?" ఆమె గోడవైపు చూపించింది. నిలువుటద్దం తలమీద పాత చీర కప్పి ఉంది. "ఆపరేషన్‌కి ముందే కప్పుకుంది. చీర పైఅంచు మేకుకి కట్టి ఉంది, ఆరడుగుల ఎత్తున. కుట్లూడే దాకా చూసుకోదల్చుకోలేదు. అంత నిబ్బరమున్న మనిషి. సరే, గొట్టాలెవరు తీశారు?"

"పీకేసుకుంది."

"కుట్లు తనే కత్తిరించుకుని, పీకేసుకుని, వీపు చుట్టూ కట్టు తిప్పుకుని, తలమీంచి నైటీ వేసుకుని పడుకుందా? చేతులు లేవని మనిషి! ఆ గొట్టాలు, బుడ్డీలు, అయిదో చొక్కా ఏవి? వాటిని కూడా మింగేసిందా?"

ఇన్‌స్పెక్టర్ ఒకడుగు ముందుకేశాడు. "మీరిప్పుడు డిపార్ట్‌మెంట్‌లో లేరు. నన్ను ప్రశ్నలడిగే హక్కు మీకు లేదు."

"హక్కుతో పనిలేని ప్రశ్న ఒకటే అడుగుతాను. ఎర్ర అట్ట పుస్తకం ఎక్కడ పెట్టావు?"

"ఏ పుస్తకం?"

"శుక్రవారం పొద్దున్న నువ్వు ఈ బల్ల దగ్గర నిలబడి తిప్పిన పుస్తకం. జాబితాకెక్కని పుస్తకం."

అతను గుమ్మంలో నిలబడ్డ అక్కని చూశాడు. అబద్ధమాడబోయి ఆగినవాడిలా పెదవులు కదిలాయి. మిషను ముందున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అందులో పేర్లుండవు మేడమ్," అన్నాడు. గొంతులో వెటకారం పోయింది. "బ్యాంకావిడ, మూడో వీధి టీచరు, లాయరుగారి చెల్లెలు... అలా రాసుకుంది. పదిమంది పేజీల్లో ఎర్ర పెన్సిల్‌తో చుక్క పెట్టి ఉంది. ఆపరేషన్ ఏ ఏడాది, ఏ డాక్టరు, ఇప్పుడేం బాధలున్నాయి. ఏడో చుక్క దగ్గర 'ఇన్‌స్పెక్టర్ గారి భార్య' అని ఉంది."

గడియారం మేడమ్ చేతిలోని జాబితా మడిచి సంచిలో పెట్టింది.

"మా పెళ్ళికి ముందే చేయించుకుందట. తొమ్మిదేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నాం. రెండేళ్ళ నుంచి లేవలేదు, కూర్చోలేదు. ఎక్కని ఆసుపత్రి మెట్లు లేవు. ఏ డాక్టరు దగ్గరా ఈ ముక్క చెప్పలేదు, నేను పక్కనుంటాను కదా. దర్జీకి చెప్పుకుంది మేడమ్. నాకు చెప్పలేదు, దర్జీకి చెప్పుకుంది."

"పుస్తకం నలుగురి చేతుల్లో పడకూడదని తీసేశావు."

"దాని పరువు కోసం తీశాను."

"తప్పు చేశావు. అర్థం కాని తప్పేం కాదు. ఇప్పుడెక్కడుంది?"

అతను ఆమె ముఖంలోకి చూడలేదు. "డాక్టరు దగ్గర."

"ఏ డాక్టరు?"

"అందులో రాసున్న డాక్టరే. ఆపరేషన్ చేసినవాడు కదా, ఏం చేస్తే నయమవుతుందో ఆయనకే తెలుస్తుందనుకున్నాను. నిన్న వెళ్ళాను. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. పాత ఫైళ్ళతో సరిచూడాలి, రెండు రోజులు ఉంచండి అన్నాడు. ఇచ్చేశాను."

గడియారం మేడమ్ బల్ల అంచు పట్టుకుంది. సర్జన్ చెప్పిన నంబర్ల సంగతి నాలుగు ముక్కల్లో చెప్పింది. వెనక్కి పంపాల్సిన సంచులు, బుధవారం ఫోను, గురువారం నర్సు.

"పదిమంది ఆడవాళ్ళ ఆనవాళ్ళు వాడి చేతిలో పెట్టొచ్చావు. ఇంకేమన్నాడు?"

"ఆమెని క్లినిక్‌కి తిప్పి శ్రమపెట్టకండి అన్నాడు. రక్తం తీసుకోవడానికి ఇంటికే..." అతను లేచి నిలబడ్డాడు. టోపీ కిందపడింది. "ఇంటికే నర్సుని పంపిస్తానన్నాడు. ఇవాళ. మూడున్నరకి."

గోడ గడియారంలో మూడూ ముప్ఫై నాలుగైంది.

అతను ఫోన్ తీసి నొక్కాడు. రెండుసార్లు తప్పు నొక్కాడు. గడియారం మేడమ్ లాక్కుని, కాల్ కలిపి, స్పీకర్ పెట్టి అతని చేతికిచ్చింది. అయిదు సార్లు మోగింది.

"చెప్పండి," అంది ఒక నీరసమైన గొంతు.

"నర్సు వచ్చిందా?"

"ఇప్పుడే. చేతులు కడుక్కుంటోంది. ఎందుకలా రొప్పుతున్నారు?"

"లేచి బయటికి నడు. వీధిలోకి వెళ్ళిపో. మనుషులున్న చోటికి."

"ఎలా వెళ్ళనండీ? ఒంట్లో ఓపిక లేదు. ఆవిడ జాకెట్టు విప్పమంది, పరీక్ష చెయ్యాలట. ఇలా ఎలా..."

"ఏదో ఒకటి కప్పుకుని వెళ్ళు. నీ ఆపరేషన్ సంగతి నాకు తెలుసు. నాకేం కోపం లేదు. ముందు నువ్వు బయటికి నడు."

అవతల కుళాయి నీళ్ళ సవ్వడి మాత్రం వినిపిస్తోంది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"శుక్రవారం నుంచి."

"తెలిసి మూడు రోజులు నా పక్కనే ఊరుకున్నారా?" అందామె. కోపంగా కాదు, బెంగగా.

కుళాయి ఆగిపోయింది. దగ్గర్లో ఇంకో ఆడగొంతు, మెత్తగా, పసిపిల్లని బుజ్జగిస్తున్నట్టు: "ఫోన్ పెట్టెయ్యండమ్మా. పడుకోండి. చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

"నాకొద్దు," అంది భార్య. "ఇవాళొద్దు, మా ఆయన వస్తున్నారు."

కుర్చీ పడిన చప్పుడు. గాజుదేదో పగిలింది. ఇన్‌స్పెక్టర్ ఆమె పేరు పెట్టి అరుస్తూ మెట్లవైపు పరిగెత్తాడు. గడియారం మేడమ్ అతని వెనకే దిగుతోంది. అతని చేతిలో ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. అందులోంచి ఊపిరి వినిపిస్తోంది, నిదానంగా, తొణక్కుండా.

ఆ ఊపిరి జబ్బుమనిషిది కాదు.